గాలికి పోయిన గ్యాసు

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక వయసొచ్చాక ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. మా టీములో ఒకాయన బుల్లెట్ కొని లడాఖ్ పోయొచ్చాడు, ఇంకొకాయన అపార్ట్‌మెంట్ మేడ మీద టమోటాలు పెంచుతున్నాడు. నాకేమో వెల్డింగ్ పట్టుకుంది. నవ్వకండి :)

కారణం లేకపోలేదు. మాది రామగిరి కొండలు కనపడే ఊరు. (నోటికి అనంతపురం జిల్లా అనే వస్తుంది గానీ, 2022లో విడగొట్టాక కాగితాల మీద శ్రీ సత్యసాయి జిల్లా.) నాయనకి కొంచెం చేను, రెండు బోర్లు, అందులో ఒకటి ఎండిపోయింది, ఓ ఇరవై మేకలు. దొడ్డి గేటు బందు విరిగినా, డ్రిప్పు ఫిల్టరు స్టాండు ఊడినా ఆటోలో వేసుకుని టౌనుకు పోవాల. పోతే ఒక పూట పని పోయినట్టే. ఇది చూసి చూసి, బెంగుళూరులో కూర్చుని 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ మిగ్ మిషన్ ఒకటి ఆర్డర్ పెట్టేశా.

మిషన్ కొనడం సులువే. దాని పక్కన ఏ గ్యాసు పెట్టాలన్నదే అసలు తలనొప్పి.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కరిగిన ఇనుముకి గాలి పడదు. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అందులోకి దూరితే, లోహం గట్టిపడేటప్పుడు బయటికి రాలేక బుడగలుగా ఇరుక్కుపోతాయి. అతుకు ఇడ్లీలాగా తయారవుతుంది. అందుకే గన్ను మూతిలోంచి తీగతో పాటు ఒక గ్యాసు కూడా వదిలి, కరిగిన చోట గొడుగు పట్టినట్టు పడతారు. ఆ గ్యాసు ఆర్గాన్ కావచ్చు, కార్బన్ డయాక్సైడ్ కావచ్చు, రెండూ కలిపింది కావచ్చు. ఇనుము పనికి మన షాపుల్లో ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడే. అందుకే మన దగ్గర చాలామంది దీన్ని మిగ్ అనరు, సీఓటూ వెల్డింగ్ అంటారు. నిజానికి వాళ్లదే సరైన మాట. మిగ్‌లో 'ఐ' అంటే ఇనర్ట్, జడవాయువు. ఆర్క్ వేడికి కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది, అది జడవాయువు కాదు.

నేనేం చేశాను? మనం చేసేదే చేశా. ఎక్సెల్ షీటు. యూట్యూబులో అమెరికా వాళ్లందరూ 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు. ఆర్క్ మెత్తగా ఉంటుంది, నిప్పురవ్వలు తక్కువ, పల్చటి రేకు కాలి బొక్క పడదు. అన్నీ నిజాలే. షీటులో ఆర్గాన్ మిశ్రమమే గెలిచింది. ధర కొన్ని రెట్లు ఎక్కువ అన్న కాలమ్‌కి వెయిటేజీ తక్కువిచ్చా, అంతే. గాలికి అసలు కాలమే లేదు.

మా ఊరి సంగతి నాకు తెలియదా? పడమటి కనుమలు వానని ఆపుకుని, గాలిని మాత్రం మా మీదికి వదుల్తాయి. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారు. కరెంటు తీసేంత గాలి ఉన్న చోట, జులై నెలలో, ఆరుబయట, వేపచెట్టు కింద కూర్చుని నేను మిగ్ పట్టా. గాలి గంటకు 8 కిలోమీటర్లు దాటితే గ్యాసు గొడుగు చెదిరిపోతుందని అప్పటికే చదివున్నా. చదివింది బెంగుళూరులో కదా, అక్కడే ఉండిపోయింది.

అతుకు నిండా సూది బెజ్జాలు. గ్యాసు చాల్లేదేమో అని నిమిషానికి 12 లీటర్ల నుంచి 25కి పెంచా. ఇది సర్వర్లు పెంచినట్టు కాదండీ. గ్యాసు వేగం ఎక్కువైతే సుడులు తిరిగి, చుట్టూ ఉన్న గాలిని తనే లోపలికి లాక్కుంటుంది. ఇంకా పాడైంది. అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పైన కనపడే బెజ్జాలని గ్రైండర్ పెట్టి నున్నగా గీకేసి, రెడాక్సైడ్ కొట్టేశా. ఎక్సెప్షన్ క్యాచ్ చేసి, లాగ్ కూడా రాయకుండా వదిలేయడం అన్నమాట. గేటు బిగించి, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుని, రాత్రి బస్సుకి వెళ్లిపోయా.

రెండు వారాల తర్వాత వచ్చి చూస్తే గేటు బందు దగ్గర కట్టుతీగతో కట్టుంది. నాయన ఎడమ పాదం మీద గుడ్డ చుట్టుంది. పొద్దున మేకల్ని తోలుతుంటే పై బందు ఊడి గేటు కాలి మీద పడిందంట. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం, ఒక్క మాట చెప్పలేదు. అడిగితే "ఏముంది లేరా, తోలు లేచింది, అంతే" అన్నాడు.

విరిగిన ముక్క తీసుకుని టౌన్లో వెల్డింగ్ షాపాయన దగ్గరికి పోయా. విరిగిన చోటు చూసి, నా కథంతా విని, "ఏమప్పా, మన ఆషాఢం గాలికి గొర్రెపిల్లే నిలబడదు, నీ గ్యాసు నిలబడ్తాదా?" అన్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. చేనులో పనికి రాడ్డే వాడు. రాడ్డు మీది పూత కాలి దాని గ్యాసు అదే పుట్టించుకుంటుంది, పైన చిట్టెం కప్పుతుంది. మిగ్ షెడ్డులోనే పెట్టుకో, దానికి సీఓటూ చాలు.

నా మిషన్ రెండు పనులూ చేస్తుంది, ఆ బటన్ నేనెప్పుడూ నొక్కలేదు! గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ కోర్ తీగ కూడా ఉంది గానీ, పొగ ఎక్కువ, తీగ ఖరీదు, పైగా గన్నుని నెగటివ్‌కి మార్చాలి. మామూలు తీగకి గన్ను పాజిటివ్. మార్చడం మర్చిపోయే రకాన్ని నేను.

ఇప్పుడు షెడ్డుకి పడమటి వైపు మాత్రమే టార్పాలిన్ కట్టా. నాలుగు వైపులా మూస్తే ప్రమాదం, ఈ గ్యాసు గాలి కన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు గొలుసేసి నీడలో నిలబెట్టా. రెగ్యులేటరు కొత్తది కొనాల్సొచ్చింది, ఆర్గాన్‌ది దీనికి పట్టదు. ఇంకో చిక్కుంది. లోపల గ్యాసు ద్రవంగా ఉంటుంది కాబట్టి, ద్రవం అయిపోయేదాకా మీటరు ముల్లు దాదాపు కదలదు. 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవమే ఉండదు, ఒత్తిడి ఎండని బట్టి పెరుగుతుంది. మా ఎండాకాలంలో ఆ ముల్లుని నమ్మడం కన్నా సిలిండరుని కాటా మీద పెట్టడం మేలు. కేజీ గ్యాసు సుమారు 540 లీటర్లు, నిమిషానికి 12 చొప్పున ముప్పావు గంట ఆర్క్. నాకు చాలా వారాంతాలకి అంత కూడా అక్కర్లేదు.

గేటు బందులు పాత అతుకంతా కోసేసి, రాడ్డుతో మళ్లీ వేశా. ఈసారి రంగు కొట్టకముందే సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు వేసి చూశా. నాయన వచ్చి ఒకసారి ఊపి చూసి, మేకల్ని లోపలికి తోలాడు. కట్టుతీగ మాత్రం విప్పలేదు.