పన్నెండణాల నొప్పి

"రాత్రి నిద్ర పట్టిందా తాతా?"

"ఏడ పట్టింది బిడ్డా. కన్ను మూసుడే ఆలస్యం, దవడంతా సలుపుడే."

"రూపాయిల ఎన్ని అణాలుంటది నొప్పి?"

పెద్దాయన కాసేపు లెక్క చూసుకున్నాడు. "పగటీలి పన్నెండణాలు. రాత్రి పదహారణాలు."

నర్సు రిజిస్టరులో పదికి ఏడున్నర, పదికి పది అని రాసుకుంది. సున్నా నుంచి పది వరకు గీసిన బొమ్మల కార్డు ఆమె సంచిలో ఉంది. అణాలు వాడిన తరం మనిషి దగ్గర మాత్రం దాన్ని బయటికి తీయదు.

సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రి నుంచి బయల్దేరిన 'ఆలన' బండిలో నేనూ ఎక్కాను. నర్సు, ఫిజియోథెరపిస్టు, డ్రైవరు, మందుల పెట్టె, గాలి పరుపు ఒకటి. మంచం దిగలేని రోగుల ఇళ్లకే వెళ్లి చూసే ప్రభుత్వ సేవ ఇది. కంది, రుద్రారం దాటి ఇస్నాపూర్ దగ్గర హైవే దిగితే పాశమైలారం కంపెనీలు మొదలవుతాయి. షిఫ్టు వదిలిన బస్సులు, ఆటోలు, బిహార్, ఒడిశా కుర్రాళ్లుండే రేకుల గదులు. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి పేర్లు చెబితే ఇక్కడి పాతవాళ్లకు నక్కవాగు గుర్తొస్తుంది. కంపెనీల వ్యర్థాలు కలిసిన ఆ వాగు నీళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఫలానా మనిషికి క్యాన్సర్ ఫలానా నీళ్ల వల్లే వచ్చిందని వేలెత్తి చూపడం కష్టం. దవడ క్యాన్సర్‌తో ఉన్న ఈ తాతకైతే నలభై ఏళ్ల ఖైనీ అలవాటుంది. ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు మోసి మోసి రిటైరయ్యాడు. ఎక్కడెక్కడి రోగులకో వెళ్లే మందు పొడిని భుజాన మోసినవాడికి, తన నొప్పికి మందుందన్న సంగతి మొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు.

కట్టు విప్పేసరికి గదంతా వాసన. కోడలు కొంగు అడ్డం పెట్టుకోబోయి, మామ చూస్తాడని ఆగిపోయింది. చెంప పగిలి పుండు బయటికి తేలింది. ఉప్పునీళ్లతో గుడ్డ తడిపి నర్సు మెల్లగా తుడిచింది, రుద్దలేదు. రుద్దితే రక్తం కారుతుంది. తర్వాత మెట్రోనిడజోల్ బిళ్లలు రెండు కాగితం మడతలో వేసి, గ్లాసు అడుగుతో మెత్తగా నూరి ఆ పొడిని పుండు మీద చల్లింది. వాసన పుట్టించే సూక్ష్మజీవులను అది చంపుతుంది. "రోజూ గిట్లనే చెయ్యి చెల్లే. వారం తిరగకముందే వాసన తగ్గుతది. మనుమలు మల్ల తాత పక్కకు వస్తరు" అంది కోడలితో. కొన్ని రూపాయల బిళ్ల అది. దాని సంగతి తెలియకనే ఎన్నో ఇళ్లలో రోగిని వెనక గదిలోకి మారుస్తున్నారు.

అసలు పేచీ మార్ఫిన్ దగ్గర వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్లు చెప్పింది: ముందు పారాసిటమాల్ లాంటివి, ఆగకపోతే ట్రమడాల్ లాంటివి, అప్పటికీ ఆగకపోతే మార్ఫిన్. తాత రెండు మెట్లూ దాటాడు. కొడుకు మాత్రం బిళ్ల చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"మత్తు మందు కద మేడం, అలవాటైతే ఎట్ల? ఇగ ఇది ఇచ్చిండ్రంటే అయిపోయినట్టేనంట, కాదా?"

నర్సు మంచం పట్టె మీద కూర్చుంది. నొప్పి ఉన్న మనిషికి డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే వ్యసనం కావడం చాలా అరుదని చెప్పింది. చావును దగ్గర చేసే మందు కాదని, నొప్పి తగ్గితే తాత ఒక ముద్ద ఎక్కువే తింటాడని చెప్పింది. మొదట్లో రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వికారం రావచ్చు, అవి తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనం బిళ్ల కూడా రోజూ వేయాల్సిందే. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. పదింటికి రెట్టింపు మోతాదు, అర్ధరాత్రి లేపకుండా. కోడలికి చదువు రాదు కాబట్టి కాగితం మీద సూర్యుణ్ని, చంద్రుణ్ని గీసి, పక్కన చుక్కలు పెట్టి గోడకు అంటించింది. "నొప్పొచ్చినంక ఇచ్చుడు కాదు. టైమైతే ఇచ్చుడే."

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. ఆ మందు మన రోగికే అందకుండా పోయింది. 1985 మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్క సీసా కోసం ఎన్నో లైసెన్సులు కావలసి వచ్చేది. ఆసుపత్రులు ఆ గొడవ మానేశాయి, ఒక తరం డాక్టర్లకు మార్ఫిన్ రాయడమే అలవాటు తప్పింది. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన స్థాపించిన పాలియం ఇండియా సంస్థ వంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క అనుమతి చాలు. చట్టం మారి ఇన్నేళ్లయినా జనం భయం, డాక్టర్ల జంకు మాత్రం మారలేదు. నొప్పితో అరుస్తున్న మనిషికి బిళ్ల రాయకపోవడాన్ని జాగ్రత్త అనడానికి నా మనసు ఒప్పుకోదు.

తెలంగాణలో నొప్పి తగ్గించే ఈ ఉపశమన (పాలియేటివ్) సేవ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో వేళ్లూనుకుంది. డాక్టర్ గాయత్రి పాలట్ అక్కడి విభాగాన్ని నిలబెట్టారు. ఇంట్లో చూసుకునే దిక్కులేనివాళ్లకు రోటరీ వాళ్లు 2011లో స్పర్శ్ హాస్పిస్ పెట్టారు. ఇప్పుడది ఖాజాగూడలో ఉంది, సేవ ఉచితం. పటాన్‌చెరు మనిషికి ఇవి దూరమేమీ కాదు. కానీ చివరి రోజుల్లో ఆటో కుదుపులు కూడా భరించలేనివాళ్ల దగ్గరికి బండి రావడమే న్యాయం.

రెండో ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బుతో ఒక అవ్వ. గుమ్మంలోనే కొడుకు ఎదురొచ్చి, "అమ్మకు గడ్డ సంగతి చెప్పకుండ్రి" అని గుసగుసలాడాడు. నర్సు సరేనని గానీ కాదని గానీ అనలేదు. అవ్వ పక్కన కూర్చుని, "నీకేమైందనుకుంటున్నవ్ అవ్వా?" అని అడిగింది. "నాకెరికే. నా కొడుకుకు చెప్పకు, ఏడుస్తడు" అంది అవ్వ. తల కింద దిండ్లు ఎత్తుగా పేర్చి, కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాను ముఖానికి తగిలేటట్టు తిప్పారు. ముఖానికి గాలి తగిలితే ఆయాసం కొంత నెమ్మదిస్తుంది. ఆ తర్వాత నర్సు కొడుకును లోపలికి పిలిచి తల్లి దగ్గర కూర్చోబెట్టి, మమ్మల్ని బయటికి రమ్మని సైగ చేసింది. వాళ్లేం మాట్లాడుకున్నారో మేం వినలేదు. అవసరమూ లేదు.

తిరుగుదారిలో, మీకు ఏది కష్టమని నర్సును అడిగాను. పుండ్లూ కాదు, చావులూ కాదంది. "ఆఖరి వారంల పిలుస్తరు సార్. ఆర్నెల్ల ముందు పిలిస్తే ఆర్నెల్లు మంచిగ పండుకునేటోళ్లు."

మీ ఇంట్లో, వాడలో అలాంటి రోగి ఉంటే "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్న మాటతో వెనుదిరగకండి. నొప్పికి, ఆయాసానికి ఏమిస్తారో అక్కడే అడగండి. పాత ఫైలు, బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ పట్టుకుని మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగానికి వెళ్లండి. రోగి కదల్లేకపోతే ఇంట్లోవాళ్లే వెళ్లి ఆలన బండి గురించి అడగండి. చివరి వారం దాకా ఆగవద్దు.