నేనూ, కెమెరా, పంచాంగం

ఉద్యోగస్థుడికి ఒకటో తారీఖు ఎలాంటిదో నాకు ముహూర్తం అలాంటిది. మాఘ ఫాల్గుణాల్లో తిండికీ నిద్రకూ తీరిక ఉండదు. ఆషాఢం వచ్చిందా, కెమెరా పెట్టెలోకీ, నేను అరుగు మీదికీ చేరతాం. మధ్యలో మూఢం వచ్చిపడితే చెప్పనే అక్కర్లేదు. గురుడో శుక్రుడో సూర్యుడి చాటుకు వెళితే, మార్కాపురంలో మా ఇంటి పాలబాకీ ఎందుకు పెరగాలో ఆ గ్రహాలకే తెలియాలి!

నేను హైదరాబాదులో ఛాయాగ్రహణం చదువుకున్నాను. ఈ చదువుకు ఒకప్పుడు మనవాళ్ళు మద్రాసు అడయారుకో, 1960లో నెలకొల్పిన పుణే ఇన్‌స్టిట్యూటుకో వెళ్ళేవారు. 2011లో హైదరాబాదులో అన్నపూర్ణ వారి కళాశాల కూడా వచ్చింది. దూరమైతే తగ్గింది గాని, చదువయ్యాక ఏమిటన్న ప్రశ్న తగ్గలేదు. అవకాశం వచ్చేదాకా నగరంలో అద్దె కడుతూ కూర్చోవడమా, ఊరికి వచ్చి ఉన్న పని చేసుకోవడమా? నేను రైలెక్కి వచ్చేశాను.

“చదివింది సినిమా, తీసేది పెళ్ళిళ్ళా?” అన్నాడు మేనమామ. నాన్న ఏమీ అనలేదు. ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. మా ఊరి పలకమీద ఓనమాలు దిద్దినవారు మీలోనూ ఉండే ఉంటారు. నోటుపుస్తకాలు వచ్చి పలకను వెనక్కి నెట్టడం ఆయన కళ్ళారా చూశారు. పనికి చిన్నా పెద్దా ఉండవనీ, ఉండడం లేకపోవడమే ఉంటుందనీ ఆయనకు తెలుసు.

సినిమాలో బాగా రాకపోతే మరో టేకు. పెళ్ళిలో మూడు ముళ్ళూ పడ్డాక, “పంతులుగారూ, ఒక్కసారి విప్పించండి” అనగలమా? కనుక నేర్చిన విద్య ఇక్కడే ఎక్కువ అక్కరకు వచ్చింది. కల్యాణమంటపంలో దీపాలు వీడియోలో అల్లాడడం మీరు చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, షట్టరును సెకనులో 50వ వంతుకు ఉంచితే ఆ అల్లాట చాలావరకు ఆగుతుంది. తీసింది ఒకేసారి రెండు కార్డుల మీదికి ఎక్కాలి. ఆ రాత్రే రెండు డిస్కుల్లోకి పోవాలి. లేకపోతే పలక తుడిచినట్టే.

మాటమీద నడిచే ఊరు మాది. అయినా కాగితం రాసుకుంటాను: ఎన్ని గంటలు, వీడియో ఎప్పుడు ఇవ్వాలి, సగం ముందు, పావు ముహూర్తం నాడు, తక్కిన పావు వీడియో చేతికిచ్చేటప్పుడు. అప్పగింతల కన్నీళ్ళలో మన పైకం కొట్టుకుపోకూడదు కదా!

గిద్దలూరు వైపు ఒక పెళ్ళి తీసిన ఆరు నెలలకు పెళ్ళికూతురి తండ్రి మా ఇంటికి వచ్చాడు. “మా నాయన పోయాడు బాబూ. నవ్వే ఫోటో ఒక్కటీ లేదు. నీ దగ్గరేమైనా ఉందేమోనని...” అన్నాడు. డిస్కంతా వెతికాను. వాళ్ళకిచ్చిన వీడియోలో చేర్చని ముక్క ఒకటి దొరికింది. భోజనాల బంతిలో పెద్దాయన విస్తరిమీద చెయ్యి అడ్డంపెట్టి వద్దు వద్దంటూనే, వడ్డించేవాడు కదలబోతే చెయ్యి తీసి లడ్డు వేయించుకుని నవ్వాడు. పన్నెండు సెకన్లు. ఆయన నాలుగుసార్లు వేయించుకు చూశాడు. ఏమీ మాట్లాడలేదు.

అప్పటినుంచి పందిట్లో అడుగుపెట్టగానే వెనక వరుస కుర్చీల్లోని ముసలివాళ్ళ దగ్గరికి వెళుతున్నాను. కాని ఎవరు ఎవరో నాకెలా తెలుస్తుంది చెప్పండి? మీ ఇంట పెళ్ళయితే వీడియో కుర్రాణ్ణి పిలిచి, తాతయ్యనూ నాయనమ్మనూ కాస్త చూపించండి. ఆ తక్కిన పావు సంగతి కూడా మరవకండి!