వీరాపురం కొంగలు, మన తాండా పిల్లలు



హిందూపురం నుంచి లేపాక్షి దాటి పోతే చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా జనవరి ప్రాంతంలో అక్కడికి ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టి పిల్లల్ని సాకుతాయి. పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులంటుంటారు, కానీ కాదు. మన దేశపు పక్షులే. నీళ్లు, తిండి ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి, కూలికి బెంగళూరు పోయే మనోళ్ల మాదిరే.

వాటిని కాపాడింది ఊరోళ్లే. వాళ్లు కొట్టరు, ఎవరినీ కొట్టనివ్వరు. కొంగలొస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. అందుకే ఈరోజు కెమెరాలు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో జనం వస్తున్నారు. చెరువులు ఎండితే మాత్రం ఆ నమ్మకమొక్కటే చాలదు. చేపల్లేకపోతే కొంగ నిలవదు.

ఇప్పుడు మన సంగతి. పెనుకొండ కోట చూడ్డానికి వచ్చినోళ్లకు 1565 తర్వాత విజయనగర రాజులకు ఇదే రాజధాని అని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆ కొండ మీద నెమలి ఏ వేళకు కూస్తుందో, కౌజుపిట్ట ఏ పొదలో గుడ్లు పెడుతుందో చెప్పాలంటే మేకలు కాసిన మనోళ్లే చెప్పాలి. ఈ తెలివిని మనం చదువు కింద లెక్కేయం. ధర్మవరంలో రైలెక్కి కూలికి పోయేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేసి పోతాం. తాతలు పోతే అదీ పోతుంది.

అందుకే మేము కొందరం అనుకుంటున్నది ఇదీ: పక్షుల్ని చూపించే పని మనమే నేర్చుకుందాం. పిట్టల పేర్లు తెలుగులో, మన గోర్ బోలిలో, ఎరుకల భాషలో రాసిపెట్టుకుందాం. వచ్చినోళ్లకు దూరం నుంచే చూపిద్దాం. గూళ్ల కింద అరుపులు, డ్రోన్లు, రాళ్లు వద్దని గట్టిగా చెబుదాం. ఉచ్చులు, వలలు పెట్టే తమ్ముళ్లకు 1972 వన్యప్రాణి చట్టం గురించి ముందే చెబుదాం. కేసు పడితే ఉద్యోగం ఆశ పోతుంది.

దీంతో అందరికీ బతుకుతెరువు దొరుకుతుందని మేము చెప్పం. సీజను కొన్ని నెలలే. కానీ మన కొండను మనమే చూపిస్తే, ఆ కొండ గురించి మాట్లాడే హక్కు కూడా మనదే అవుతుంది.

ఈసారి కొంగలొచ్చాక ఒక ఆదివారం వీరాపురం పోదాం. వచ్చేవాళ్లు పేరు, తాండా చెప్పండి. ఇంట్లో పెద్దోళ్లను అడిగి పది పిట్టల పేర్లు రాసుకుని రండి.