తిరిగి రానివారి లెక్క

సాయంత్రం ఖైదీలను లెక్కపెట్టి గదులకు తాళాలు వేయించినంత మాత్రాన జైలరు దినచర్య ముగియదు. సూపరింటెండెంటు లిఖితపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఆయన ఒక్క రాత్రి కూడా జైలు విడిచి ఉండరాదని 1894 నాటి కారాగార చట్టం శాసించింది. ఖైదీ శిక్షకు న్యాయమూర్తి గడువు పెడతాడు. జైలరుకు పదవీ విరమణే గడువు.

ఏళ్ల తరబడి ఎవరూ పారిపోకపోతే మెచ్చుకునేవారుండరు. ఒక్కడు గోడ దూకితే మాత్రం మరునాడే సంజాయిషీ. జస్టిస్ ముల్లా అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1983 నాటి నివేదికలో జైలు అధికారులకు అఖిల భారత సర్వీసు ఉండాలని సూచించింది. హోదా, జీతం అవసరమే. కాని తృప్తి వేరు.

విడుదలై వెళ్లినవాడు మళ్లీ ఆ గడప తొక్కకపోవడమే జైలరు సాధించిన విజయం. అది ఆయన గౌరవానికి లెక్కలోకి రాదు. తిరిగి రానివారి లెక్క కూడా రాసే రోజు వస్తే, ఆయన చేతిలోని తాళాలగుత్తి కొంత తేలికపడుతుంది.