చెయ్యి వదిలితే మధ్యకు రావాలి

ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం ఇంట్లో కాక్‌పిట్ కట్టుకుంటున్నవాళ్ల దగ్గరికి వెళితే ముందు ప్యానెళ్లు చూపిస్తారు, తర్వాత లైట్లు, ఆ తర్వాత మూడు మానిటర్లు. అన్నీ చూస్తాను గానీ, నా చెయ్యి మాత్రం స్టిక్ మీదికే పోతుంది. ఒక పక్కకు వంచి మెల్లగా వదులుతాను. సరిగ్గా మధ్యకు వచ్చి ఆగిందనుకోండి, ఆ కుర్చీలో గంటసేపైనా హాయిగా ఎగరొచ్చు. ఆగలేదూ, ఇక ఎన్ని లైట్లు వెలిగినా లాభం లేదు.

అసలు విమానంలో ఈ పని ఎవరు చేస్తున్నారంటారు? సెస్నా 172లో గాలే చేస్తుంది. రెక్కల్లోని ఎయిలరాన్ల మీద, తోకలోని ఎలివేటర్ మీద పడే ఒత్తిడి కేబుళ్ల గుండా పైలట్ చేతికి వస్తుంది. వేగం పెరిగితే యోక్, అంటే స్టిక్ బదులు అందులో ఉండే చేతిచక్రం, బిగుస్తుంది, తగ్గితే వదులవుతుంది. నేల మీద నిలబెట్టినప్పుడు ఎలివేటర్ తన బరువుకు కిందికి వాలిపోయి, యోక్ ప్యానెల్ వైపు జారుతుంది కూడా. బోయింగ్ 737 సంగతి వేరు. అక్కడ ఎలివేటర్‌నీ ఎయిలరాన్లనీ కదిపేది హైడ్రాలిక్స్. గాలి ఒత్తిడి చేతిదాకా రాదు. అందుకని స్ప్రింగులు, క్యామ్, రోలర్ పెట్టి ఆ బిగువును కావాలని పుట్టిస్తారు. ఎలివేటర్ కోసమైతే నిలువు తోక మీద విడిగా పిటాట్ గొట్టాలే ఉంటాయి. వాటితో వేగం పసిగట్టి, దానికి తగ్గట్టు బిగువు పెంచుతారు. ఎంత శ్రద్ధ చూడండి!

మనలాంటివాళ్లకు బాగా అచ్చొచ్చేది 1987లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఎ320. శంషాబాద్ నుంచి ఇండిగో ఎక్కితే చాలాసార్లు మీరు కూర్చునేది ఆ కుటుంబం విమానంలోనే. దాని సైడ్‌స్టిక్‌ను మధ్యకు తెచ్చేది నిజంగా స్ప్రింగే కాబట్టి ఇంట్లో స్ప్రింగు పెడితే అది నకలు కాదు, అసలుకు చాలా దగ్గర. కాకపోతే ఆ విమానంలో స్టిక్ మధ్యలో ఉందంటే 'ఇప్పుడున్న వాలు ఇలాగే ఉంచు' అని కంప్యూటర్‌కు చెప్పినట్టు. మీ స్టిక్ మధ్యకు కాస్త ఇవతలే ఆగిపోయిందంటే, విమానం మీరు అడగకుండానే ఒక పక్కకు ఒరుగుతూ పోతుంది.

ఇక తయారీకి వద్దాం. అందరికీ మొదట తట్టేది, అటొక స్ప్రింగు, ఇటొక స్ప్రింగు కట్టడం. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క వేస్తే తెలుస్తుంది చిక్కు. ఒక్కో స్ప్రింగు సెంటీమీటరు సాగడానికి 100 గ్రాముల బలం కావాలనుకోండి. రెండూ కలిసి స్టిక్‌ను సెంటీమీటరుకు 200 గ్రాముల చొప్పున వెనక్కి లాగుతాయి. ఇరుసు దగ్గర రాపిడి 100 గ్రాములంత ఉంటే, మధ్యకు అర సెంటీమీటరు దూరంలోనే స్టిక్ ఆగిపోవచ్చు, అటైనా ఇటైనా. స్ప్రింగులు కట్టినచోట మొత్తం కదలికే పక్కకు 3 సెంటీమీటర్లయితే, అందులో ఆరో వంతు గల్లంతు! 'రెండూ ఇంకాస్త బిగించి కడితే?' అంటారు. అదే అసలు మాయ. మధ్యలో ఆ రెండు బిగువులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లాగే బలం పెరగదు, ఇరుసు మీద భారం పెరిగి రాపిడి మాత్రం ఎక్కువవుతుంది.

నాకు నచ్చిన పద్ధతి కత్తెర చేతులు. ఒకే ఇరుసు మీద రెండు అల్యూమినియం పట్టీలు, వాటిని దగ్గరికి లాగుతూ ఒకే ఒక్క స్ప్రింగు. పట్టీల నడుమ రెండు పిన్నులు. ఒకటి కింద చెక్కకు బిగించింది, కదలదు. రెండోది స్టిక్‌తో పాటు తిరిగేది. స్టిక్ కుడికి వంచితే కుడి పట్టీ కదులుతుంది, ఎడమది చెక్క పిన్నుకు ఆనుకుని ఉండిపోతుంది. ఇక్కడ స్ప్రింగును ముందే కాస్త సాగదీసి కట్టొచ్చు. ఆ ప్రీలోడ్ 150 గ్రాములుండి, రాపిడి 100 గ్రాములే అయితే, స్టిక్ మధ్యదాకా రాక తప్పదు. రెండు పిన్నుల మందం మాత్రం ఒకటే ఉండాలి, ఇరుసు నుంచి దూరమూ ఒకటే ఉండాలి. తేడా వస్తే మధ్యలో లొడలొడమంటుంది.

ప్రీలోడ్ మంచిది కదా అని మరీ పెంచకండి. మధ్య నుంచి కదిలించేటప్పుడు చేతికి ఒక తట్టు తగులుతుంది. రన్‌వే మీదికి దిగుతూ ముక్కు కొంచెమే పైకెత్తాల్సిన సమయంలో ఆ తట్టు దాటేసరికి స్టిక్ ఎగిరి అవతల పడుతుంది. కాబట్టి ముందు రాపిడి తగ్గించాలి. చెక్కకు రంధ్రం చేసి బోల్టు దూర్చేసే బదులు 608 బేరింగులు రెండు వెయ్యండి. 8 మిల్లీమీటర్ల ఇరుసు పడుతుంది, స్కేటింగ్ చక్రాల్లో ఉండేవే, రాణిగంజ్‌లో ఏ బేరింగుల కొట్టులోనైనా అడగండి. స్ప్రింగు బలం తెలియాలంటే మేకుకు తగిలించి లీటరు నీళ్ల సీసా వేలాడదీయండి, స్కేలు పెట్టి ఎంత సాగిందో చూడండి. లీటరు నీళ్లంటే కిలో కదా.

స్టిక్ ఎంత వంగిందో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ గురించి ఒక్క మాట. మామూలు పొటెన్షియోమీటర్ దాదాపు 300 డిగ్రీలు తిరుగుతుంది. మీ స్టిక్ తిరిగేది 40 అయితే, ఆర్డుయినో లియొనార్డో ఇచ్చే 1024 మెట్లలో మీకు దక్కేవి 136. పైగా స్టిక్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది కనుక అదీ అక్కడే అరుగుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్‌కు తాకిడే లేదు. దానికే నా ఓటు.

సెస్నా ఎగరేసేవాళ్లు ట్రిమ్ దగ్గర కాస్త అలవాటు మార్చుకోవాలి. నిజం విమానంలో యోక్ ఉన్నచోటే ఉంటుంది, ట్రిమ్ తిప్పేకొద్దీ చేతి మీది బరువు పోతుంది. ఇంట్లో స్ప్రింగు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ట్రిమ్ తిప్పుతూ యోక్‌నే మెల్లగా మధ్యకు వదలాలి.

అంతా బిగించాక సాఫ్ట్‌వేర్‌లో డెడ్ జోన్, అంటే మధ్యలో స్టిక్ కదలికను పట్టించుకోని మేర, సున్నా చేసి పరీక్షించండి. చటుక్కున వదిలితే స్టిక్ ఆ ఊపులోనే మధ్యకు వచ్చేస్తుంది, రాపిడి సంగతి బయటపడదు. వేలితో పట్టుకుని మెల్లగా వదలండి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. తెర మీద కనిపించే రెండు అంకెలకూ తేడా ఎంతుందో, డెడ్ జోన్ అంతే పెట్టండి. తేడా పెద్దదిగా ఉంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ఇరుసు విప్పి చూడండి.