వెదురు కణుపు లెక్క

బరువు పడే చోట ఎముక మందమవుతుంది, పడని చోట పలచబడుతుంది. చెట్టుకు తీసేసుకోవడం చేతకాదు, కొమ్మ చీలిన చోట కలప పెంచుకోవడమే తెలుసు. క్లాజ్ మాథెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ఎదుగుదలను లెక్కల్లో పెట్టాడు. ఆ లెక్కల ఆధారంగా నెదర్లాండ్స్ డిజైనర్ జోరిస్ లార్మాన్ 2006లో అల్యూమినియంతో ‘ఎముక కుర్చీ’ చేశాడు. దాని కాళ్ళు కొమ్మల్లా చీలి ఉంటాయి. ఇప్పుడది మ్యూజియం వస్తువు.

మేము మూసాపేట ఫర్నిచర్ షెడ్లలో పనిచేసే కోయ పిల్లలం. ఫోన్‌లో ఆ కుర్చీని చూడగానే మాకు మా గూడెం నాగలి గుర్తొచ్చింది. నాగలి కోసం మా పెద్దలు నిటారు దుంగను వంపుగా చెక్కరు. పుట్టుకతోనే వంపు తిరిగిన కర్ర దొరికేదాకా అడవంతా తిరుగుతారు. అందులో పోగు తెగి ఉండదు, అందుకే విరగదు. దీన్ని మాకెవరూ డిజైన్ అని చెప్పలేదు.

వెదురు సంగతి ఇంకా పెద్దది. లోపల బోలు, మధ్యలో కణుపులు, గట్టి నారలన్నీ బయటి తొక్క వైపే ఒత్తుగా ఉంటాయి. తక్కువ బరువుతో ఎక్కువ బలం. గడ్డి జాతి మొక్క ఇది. 1927 అటవీ చట్టం దీన్ని చెట్ల లెక్కలో వేసింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఎంత ఆలస్యమో చూడండి!

ఆమధ్య ఒక షెడ్డులో ఆఫీసు కోసం వెదురు కుర్చీలు చేయించారు. డ్రాయింగు చాలా బాగుంది. వెదురు మాత్రం వానల్లో నరికిన లేతది. మేము వద్దన్నాం, వినలేదు. మూడు నెలల్లో కుర్చీల కింద తెల్లని పిండి రాలింది. వెదురులో ఉండే పిండిపదార్థమే పురుగుకు తిండి. అందుకే మా ఊళ్ళో ముదిరిన బొంగును వానలు వెళ్ళాక చలికాలంలో నరుకుతారు, చెరువులో నానేస్తారు. నీళ్ళు ఆ తీపిని లాగేస్తాయి. రెండోసారి మేము చెప్పినట్టే చేశారు, కుర్చీలు నిలిచాయి. డ్రాయింగు గీసినాయనకు ఫీజు, మాకు రోజు కూలి.

మూసాపేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. అక్కడి ఐకియా 2018 ఆగస్టులో తెరిచారు, మన దేశంలో వాళ్ళ మొదటి దుకాణం అదే. సెలవు రోజు వెళ్ళి కుర్చీలను తలకిందులు చేసి అతుకులు చూసి వస్తాం. కొనేది మాత్రం టీయే.

మాస్టార్లూ, పిల్లలకు ఒక్క మాట చెప్పండి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ప్రవేశపరీక్ష రాయొచ్చు. గిరిజనులకు రిజర్వేషన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ 2015లో మొదలైంది. మా గదిలో చిన్నోడు ఈసారి రాస్తున్నాడు. బొమ్మ వేయమంటే ఏం వేస్తావురా అన్నాం. వాళ్ళ తాత అల్లిన చేపల బుట్ట వేస్తాడట, లోపలికి దూరిన చేప వెనక్కి రాలేని ఆ మూతితో సహా.