ఊరు విడిచాకే ఇంటిపేరు

పామర్రు నుంచి చల్లపల్లి బస్సెక్కి కూర్చుంటే, ఆ దారిలో వచ్చే ఊళ్ల పేర్లూ, దారికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల పేర్లూ అన్నీ మనకు తెలిసిన మనుషుల పేర్లే అనిపిస్తాయి. పామర్రు పక్కన పసుమర్రు. ఇంకాస్త ముందుకెళితే కూచిపూడి, మొవ్వ. ఆ చుట్టుపట్లే కొడాలి, ఘంటసాల, యార్లగడ్డ. బళ్లో హాజరు పిలిచేటప్పుడు వినిపించిన పేర్లు ఇవి, పెళ్లి శుభలేఖల మీద చదివిన పేర్లు ఇవి. అయితే కొడాలి వారిని వెతుక్కుంటూ కొడాలికే వెళ్లాలని లేదు. గుడివాడలో ఉంటారు, బందరులో ఉంటారు, హ్యూస్టన్‌లోనూ ఉంటారు.

కారణం చాలా మామూలుది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఊరిపేరు పెట్టి ఒకణ్ణి పిలిస్తే ఎవరికీ గుర్తు దొరకదు. వాడు మూటాముల్లె సర్దుకుని పక్క ఊరు చేరిన నాడే ఆ పేరుకు పని పడుతుంది. "ఎవరాయన?" అంటే "మొవ్వాయన" అంటారు. కొడుకుల నాటికి "మొవ్వ వాళ్లబ్బాయి" అవుతుంది. మనవల నాటికి మొవ్వ ఎటువైపుందో తెలియకపోయినా, ఇంటిపేరు మొవ్వ అయి కూర్చుంటుంది. ఈ పేర్లను తగిలించింది మనవాళ్లు కారు, మనవాళ్లు వలస వెళ్లిన ఊరివాళ్లు. ఇంటిపేరు చూస్తే మన పెద్దలు ఎక్కడ స్థిరపడ్డారో తెలియదు. ఎక్కణ్ణుంచి లేచి వచ్చారో తెలుస్తుంది.

ఈ పని ఇప్పటికీ ఆగలేదు. మా ఇళ్లల్లో ఏ ఫంక్షన్‌కైనా చుట్టాలు చేరారంటే కోడూరు పిన్ని, బందరు బాబాయి, పెనుమర్రు అత్తయ్య అనే పిలుపులే. కోడూరులో ఆవిణ్ణి ఎవరూ కోడూరు పిన్ని అనరు. అక్కడ ఆవిడ ఎవరో ఒకరి కోడలు, ఎవరో ఒకరి వదిన. మా గుమ్మంలో అడుగుపెట్టాకే కోడూరు వచ్చి ఆవిడ పేరు ముందు చేరుతుంది. రిజిస్టర్లూ ఆధార్ కార్డులూ లేని కాలమైతే, రెండు తరాలు గడిచేసరికి ఆవిడ పిల్లలు కోడూరి వారయ్యేవాళ్లు.

కోడూరు కాస్తా కోడూరి ఎందుకైందో దగ్గరగా చూడాలి. ఊరు అన్న మాట పక్కన ఇంకో మాట చేరితే "ఊరి చెరువు" అంటాం. అలాగే నందమూరు నందమూరి అయింది, నండూరు నండూరి అయింది. పాడు అయితే పాటి అవుతుంది కాబట్టి కంకిపాడు నుంచి వచ్చినవాళ్లు కంకిపాటి వారు. చివర సున్నా ఉంటే పు వస్తుంది: ఏలేశ్వరం, ఏలేశ్వరపు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మర్రు. ఏరు ఏటి అయినట్టు, నోరు నోటి అయినట్టు, మర్రు మర్తి అవుతుంది. పసుమర్రు వాళ్లు పసుమర్తి వారు, పామర్రు వాళ్లు పామర్తి వారు, పెనుమర్రు వాళ్లు పెనుమర్తి వారు. పసుమర్తి అని రోజూ పిలిచే మనిషికి కూడా అందులో ఒక ఊరు దాగి ఉందని తట్టదు. పేరులోని చివరి అక్షరాన్ని కొంచెం కదిలిస్తే చాలు, ఊరు బయటపడుతుంది. మన వ్యాకరణం ఇంటింటికీ ఇలా ఒక చిరునామా దాచిపెట్టింది.

నందమూరునే తీసుకోండి. ఉంగుటూరు మండలంలోని నందమూరులో 1895లో విశ్వనాథ సత్యనారాయణ పుట్టారు. ఊరు నందమూరు, ఇంటిపేరు విశ్వనాథ. నందమూరి అనే ఇంటిపేరుతో లోకం ఎరిగిన తారక రామారావు పుట్టింది 1923లో, నిమ్మకూరులో. ఘంటసాల వేంకటేశ్వరరావు కథా అంతే. 1922లో ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఘంటసాల అనగానే ఇవాళ మనకు చెవిలో ఆ గొంతు మోగుతుంది కానీ, ఆ పేరున్న ఊరు సామాన్యమైంది కాదు. అక్కడ బౌద్ధ స్తూపం ఉంది. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళంలో కంటకోస్సుల అని రాసిన రేవు ఈ ఘంటసాలేనని చరిత్రకారులు చెబుతారు. రోమనుల నాటి సరుకు దిగిన రేవు పేరు ఆకాశవాణిలోంచి, గ్రామఫోను రికార్డుల మీంచి ప్రతి తెలుగింట్లోకీ నడిచి వచ్చిందంటే, దానికి ఆ ఊరిలోంచి ఎప్పుడో ఒకరు బయటికి నడవడమే కారణం. యార్లగడ్డ మాత్రం దూరం పోలేదు. చల్లపల్లి జమీందార్ల ఇంటిపేరు యార్లగడ్డ. ఆ పేరున్న ఊరు చల్లపల్లి మండలంలోనే ఉంది.

ఎంతో దూరంలో ఉన్న నార్వేవాళ్ల సంగతి చదివినప్పుడు నాకు మన దివిసీమే గుర్తొచ్చింది. వాళ్ల ఇంటిపేర్లలో చాలావాటికి ఊరు కూడా కాదు, ఒక్కొక్క వ్యవసాయ క్షేత్రం పేరే మూలం. పాతకాలంలో ఓలె కొడుకు ఓల్సెన్, పేడెర్ కొడుకు పేడెర్సెన్. దాని పక్కన తను ఉంటున్న పొలం పేరు చేర్చుకునేవాళ్లు. అక్కడున్న తేడా ఏమిటంటే, మనిషి పొలం మారితే పేరూ మారేది. కౌలుకు వేరే చోటికి వెళ్లినా, అత్తవారి పొలంలో స్థిరపడినా, కొత్త పొలం పేరు వచ్చి చేరేది. మన దగ్గర వదిలిన ఊరు వెంట వస్తే, వాళ్లకు చేరిన చోటు పేరు అంటుకునేది. 1923లో చట్టం వచ్చి, ప్రతి కుటుంబానికీ మారని ఇంటిపేరొకటి ఉండి తీరాలన్నాక ఎక్కడి పేర్లు అక్కడ నిలిచిపోయాయి. ఆ పేర్ల అర్థాలు చూస్తే మరీ ముచ్చట. హౌగెన్ అంటే దిబ్బ, బక్కె అంటే వాలు, నెస్ అంటే నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల, ఓయ అంటే లంక. మన దిబ్బలూ లంకలూ గడ్డలూ తిప్పలూ లాంటివే. సముద్రం పక్కన బతికేవాళ్లు ఎక్కడైనా ముందు కాళ్లకింది నేలకే పేరు పెట్టుకుంటారు.

నోబెల్ బహుమతి అందుకున్న క్నూట్ హామ్సున్ పుట్టుక పేరు క్నూట్ పేడెర్సెన్. చిన్నప్పుడు కుటుంబం హామ్సుండ్ అనే పొలానికి చేరింది కాబట్టి ఆ పేరు తీసుకున్నాడు. ఒక వ్యాసం అచ్చులో చివరి డకారం ఎగిరిపోతే, అలాగే ఉంచేసుకున్నాడు. అచ్చులో పడిన తప్పే ఇంటిపేరుగా నిలిచిపోవడం మనకూ కొత్త కాదు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఎవరో గుమాస్తా రాసినదే శాసనమై, అన్నదమ్ముల పిల్లలే రెండు రకాల ఇంటిపేర్లతో పాస్‌పోర్టులు పట్టుకు తిరగడం ఇక్కడ ఇంటింటి కథ.

నార్వేవాళ్లు చేసిన రెండు పనులు నన్ను కదిలించాయి. ఓలుఫ్ రీగ్ అనే పండితుడు దేశంలోని పొలాల పేర్లన్నిటినీ, ఏ పేరు ఏ కాలంలో ఎలా రాశారో సహా సేకరించాడు; 1897 నుంచి అది సంపుటాలుగా వెలువడింది. రెండోది 2002 నాటి చట్టం. దేశంలో 200 మందికి మించి లేని ఇంటిపేరును, చుట్టరికం లేనివాళ్లు తీసుకోవాలంటే ఆ పేరున్న వాళ్లందరూ ఒప్పుకోవాలి. అరుదైన పేరు ఆ కొద్దిమంది ఉమ్మడి ఆస్తి అని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది.

మనకు అలాంటి రాత అసలే లేదని కాదు. కూచిపూడి భాగవతుల కుటుంబాలకు సంబంధించి 1763 నాటి ఆస్తిపత్రం ఒకటుంది. అందులో హక్కుదారులను ఇంటిపేర్లతోనే చెప్పారు. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఏలేశ్వరపు, దర్భ. ఇవాళ కూచిపూడి వేదిక మీద ఎవరు కాలు కదిపినా చాలాసార్లు ఈ పేర్లలో ఏదో ఒకటి గురువు పేరు ముందు వినబడుతుంది. ఆస్తి పంచుకోవలసి వచ్చింది కనుక ఆ పేర్లు కాగితం మీదికెక్కాయి. పంచుకోవడానికి సెంటు భూమి లేని వాళ్ల ఇంటిపేర్లు ఏ కాగితం మీదికి ఎక్కాయి?

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ల నుంచే రాలేదు. వేదాంతం, జోస్యుల లాంటివి చదువు నుంచీ, చేసే పని నుంచీ వచ్చాయి. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారి పేరులోనూ, అక్కినేని నాగేశ్వరరావు గారి పేరులోనూ ఉన్న నేని, నాయుడి నుంచి అరిగి వచ్చిన మాట. చల్లపల్లి రాజుల్లో అంకినీడు అని పేరుంది చూడండి, ఆ నీడు కూడా దాని తోబుట్టువే. చింత, తుమ్మల చెట్లు. అయినా నా మనసు ఊరి పేర్ల దగ్గరే ఆగుతుంది, అవి ఒక్క కులం సొత్తు కావు కాబట్టి. ఊరు విడిచిన ప్రతివాడికీ ఆ ఊరే పేరిచ్చింది. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపించడం మా జిల్లాలో మామూలు. ఇంటిపేరు చెవిన పడగానే కులం లెక్కగట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పేరు చెప్పేది ఒకప్పుడు వీళ్లందరూ ఒకే చెరువు నీళ్లు తాగారని.

పెద్దవాళ్లు ఇంటిపేరుతో ఊరుకోరు. "పసుమర్తి వారంటే ఏ ఊరి పసుమర్తి వారండీ?" అని అడుగుతారు. అడగాలి కూడా. పసుమర్రు పామర్రు పక్కన ఒకటుంది, చిలకలూరిపేట పక్కన ఇంకొకటుంది. గుడివాడలూ ఒకటి కాదు. ఊరి నుంచి వచ్చిన పేరైనా ఆ ఊరేదో ఇంట్లోవాళ్లు చెబితేనే తెలియాలి. ఆ సంగతి కచ్చితంగా తెలిసినవాళ్లు సాధారణంగా ఆడవాళ్లు. పుట్టింటి పేరు ఒకటి, మెట్టింటి పేరు ఒకటి, అమ్మమ్మగారి ఇంటిపేరు మరొకటి, మూడూ మోసేది వాళ్లే. సంబంధాలు చూసేటప్పుడు, "వాళ్లు మనకు అన్నదమ్ముల వరస అవుతారు, వద్దు" అని ఒక్క మాటతో తేల్చేసే ముసలమ్మ తలలో ఉన్న పట్టిక ఏ రెవెన్యూ ఆఫీసులోనూ దొరకదు.

అరుదైన పేర్లు ఎలా అంతరిస్తాయో కూడా వాళ్లే చెప్పగలరు. ముగ్గురూ ఆడపిల్లలైతే ఇంటిపేరు ఆ గడపతో సరి. దత్తత తెచ్చుకుంటే నిలుస్తుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు తనే ఉంచుకుంటే పొలం ఉంటుంది, పేరు పోతుంది. ఇవి తరాల మీద నెమ్మదిగా జరిగేవి.

మా తీరంలో మాత్రం ఒక్క రాత్రిలో జరిగింది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారంటారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మాట చెప్పనక్కర్లేదు. అధికారిక లెక్కలోనే 10,000 మంది దాకా. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఇంటికి ఇల్లు కొట్టుకుపోయింది. ఒక ఇంటిపేరుతో రెండు మూడు గడపలే ఉండి, ఆ గడపలన్నీ ఒకే వీధిలో ఉంటే, ఆ వీధితోపాటు ఆ పేరూ వెళ్లిపోయినట్టే. పోయిన మనుషుల లెక్కలు చూశాను, పశువుల లెక్కలు చూశాను. పోయిన ఇంటిపేర్ల లెక్క మాత్రం నాకెక్కడా కనబడలేదు.

ఉప్పెన రాని చోట పొడి అక్షరం ఆ పని చేస్తోంది. మనం ఇంటిపేరును ముందు రాసి, దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. కె. అంటే కొడాలి కావచ్చు, కాజ కావచ్చు, కంకిపాటి కావచ్చు. అమెరికా వెళ్లినవాళ్లు ఆ పొడి అక్షరాన్ని మళ్లీ విప్పి, పేరు చివర పెట్టుకోవలసి వచ్చింది. అలా ఘంటసాల పక్క పల్లెల పేర్లు అక్కడి ఆఫీసుల బోర్డుల మీద పూర్తిగా కనిపిస్తున్నాయి, ఇక్కడ మాత్రం స్కూలు రిజిస్టర్‌లో ఒక్క అక్షరంగా మిగిలాయి. అక్కడి పిల్లలు "మన ఇంటిపేరు అర్థమేంటి నాన్నా?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పడానికి వాళ్ల నాన్న బందరుకు ఫోన్ చేస్తున్నాడు. బందరులో ఫోన్ ఎత్తే పెద్దావిడ ఇంకా ఉంది కాబట్టి సరిపోతోంది.

ఇంటిపేర్లు రాసి దాచుకోవడానికి చట్టం అక్కర్లేదు, నార్వేలాగా పండితుడూ అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసులో ఒక రూళ్ల పుస్తకం చాలు. ఇంటిపేరు పూర్తిగా, ఆ ఊళ్లో ఎన్ని గడపలు, ఎక్కణ్ణుంచి వచ్చామని పెద్దలు చెప్పేవారు, ఎటు వెళ్లిపోయారు. మొదలుపెట్టాల్సింది నాగాయలంక, కోడూరు మండలాల్లో. 1977 ఉప్పెన రాత్రి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. తమ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరి ఇల్లు తర్వాత ఎవరి ఇల్లుండేదో, ఆ ఇళ్లవాళ్లను ఏమని పిలిచేవాళ్లో వాళ్లు ఇప్పటికీ వరసగా చెబుతారు. పక్కన కూర్చుని రాసుకునేవాళ్లు కావాలి.